పెద్దమేడం టైము

ఆ ఇంట్లో గోడ గడియారం ఒక్కనాడూ నిజం చెప్పి ఎరగదు. లోకమంతా ఎనిమిది గంటలైతే ఆ హాల్లో ఎనిమిదీ నాలుగు. ఇదంతా వదిన చేసిన ఏర్పాటు. గడియారం కాస్త ముందుంటే తప్ప మనిషి కుర్చీలోంచి లేవడని ఆవిడ గట్టి నమ్మకం. ఆ ఇంటికి కోడలై వచ్చిన పదకొండేళ్లలో ఆ నాలుగు నిమిషాలూ తీసేసి టైము చూడటం మరదలికి ఎంత అలవాటైపోయిందంటే, పక్కింటివాళ్ల గడియారం చూసినా నాలుగు తీసేసేది. "మా అక్క డాక్టరు చెప్పిన తేదీకి నాలుగు రోజులు ముందే పుట్టిందట. అప్పట్నుంచీ ఇదే వరస" అని ఆమె భర్త నవ్వేవాడు. అదీ అక్క గదిలో లేనప్పుడే లెండి.

ఆ సోమవారం పొద్దున అతను ఫోన్ చూసుకుని, గడియారం చూసి, మళ్లీ ఫోన్ చూసుకున్నాడు.

"అక్కా, ఇది ఇంకా ముందుకు జరిగినట్టుందే! నా ఫోన్లో ఎనిమిదీ అయిదు. ఇక్కడేమో ఎనిమిదీ పన్నెండు."

"మరి? నాలుగు తీసేసి చూడటం నేర్చారుగా అందరూ. అందుకే మూడు వారాల కిందటే ఏడు చేశాను" అంది వదిన చెప్పులేసుకుంటూ. "ఆఫీసులోనూ అంతే. అక్కడా లెక్కలు కట్టే ఘనులు బయల్దేరారు."

"అదీ సంగతి! మూడు వారాల్నుంచి బస్టాపులో ఊరికే నిలబడుతున్నానేంటా అనుకుంటున్నా."

మరదలు ఈ మాటల్ని ఈ చెవిన విని ఆ చెవిన వదిలేసింది. పిల్లల సీసాల్లో నీళ్లు పోస్తోందన్న మాటే గానీ ఆమె ప్రాణమంతా ఆఫీసు మీదే ఉంది. ఉద్యోగంలో చేరి ఆ రోజుకి సరిగ్గా మూడు నెలలు. మూడు నెలలు పని చూసి, నచ్చితే ఉంచుకుంటాం, లేకపోతే లేదన్నది ఒప్పందం. ఉంచుతారో పంపిస్తారో ఆ రోజు తేలిపోతుంది.

అది నీళ్ల పరీక్షల ఆఫీసు. చుట్టుపక్కల పంపుహౌసుల నుంచి సీసాల్లో నీళ్లు వస్తాయి. పైన ల్యాబులో పరీక్ష చేస్తారు. నీళ్లు తాగడానికి పనికొస్తాయో లేదో రాసిన రిపోర్టు పన్నెండింటిలోగా మెయిల్లో పంపుహౌసుకి చేరాలి. ఆ రిపోర్టులు పంపే విభాగానికి పందొమ్మిదేళ్లుగా వదినే పెద్ద. అక్కడ ఆవిణ్ని అందరూ పెద్దమేడం అంటారు. ఆవిడ టేబుల్ వెనక గోడకి ఒక నల్లపలక వేలాడుతుంటుంది. దాని మీద సుద్దముక్కతో "ఆలస్యంగా వెళ్లిన రిపోర్టులు: 0" అని రాసి ఉంటుంది. ఆ సున్నా పందొమ్మిదేళ్ల నాటిది. చెరిగిపోతున్నప్పుడల్లా ఆవిడే మళ్లీ దిద్దుతుంది. పక్కనే కీ ఇచ్చే గడియారం, లోలకం ఊగుతూ. అది చూపించే టైముని ఆఫీసంతా "పెద్దమేడం టైము" అంటారు.

పిల్లలు బడికెళ్లడం మొదలయ్యాక మరదలు రెండేళ్లు కూర్చుని కంప్యూటర్ల పని నేర్చుకుంది. అందులోనూ మెయిల్ సర్వర్ల పని పట్టుబట్టి నేర్చుకుంది. ఆ రెండేళ్లూ సాయంత్రాలు పిల్లల్ని చూసుకున్నది వదినే. అయినా, "బాగా చదువుతున్నావు" అని ఒక్క మాట అన్న పాపాన పోలేదు. ఆవిడ నోట మెప్పు రావడమంటే మామూలు సంగతి కాదు. తమ్ముడికి డిగ్రీ వచ్చిన రోజున కూడా "సర్టిఫికెట్ తడవకుండా దాచు" అన్న మనిషి. అలాంటిది, ఆఫీసులో మెయిల్ చూసే మనిషి కావాలన్నప్పుడు తనే మేనేజరు దగ్గరికి వెళ్లి, "మా ఇంట్లో ఒక మనిషుంది. పని వచ్చు. నా మాట" అని చెప్పింది. ఇంటికొచ్చి మాత్రం షరతులు పెట్టింది. "నా మరదలివని మేనేజరుకి తప్ప ఎవరికీ తెలియకూడదు. వదినా గిదినా అని పిలిచావో ఊరుకోను. అక్కడ మేడం. నీ పేరు నువ్వే తెచ్చుకో."

అందుకే బస్సు దిగాక వదిన ముందు, మరదలు ఇరవై అడుగులు వెనక. ఇద్దరూ ఒకే ఇంట్లో ఒకే కూర కట్టుకొచ్చి, వేరువేరు టేబుళ్ల దగ్గర తినేవారు.

పేరు తెచ్చుకోకపోలేదు. చేరిన నెల్లోనే ఆఫీసంతా ఆమెని మెయిలమ్మ అనడం మొదలెట్టారు. "మెయిలమ్మా, నా ఉత్తరం మధ్యలో ఇరుక్కుంది." "మెయిలమ్మా, నాకు పాస్‌వర్డు మళ్లీ మళ్లీ అడుగుతోంది." అంతకుముందున్న సిస్టమ్స్ ఆయన తన గదిలోంచి కదలకుండా, "ఒకసారి ఆపి మళ్లీ వెయ్యండి" అనేవాడు. మెయిలమ్మ అలా కాదు. చేతిలో గీతల నోటు పుస్తకంతో కుర్చీ లాక్కుని పక్కన కూర్చునేది. కీబోర్డు తను ముట్టుకునేది కాదు. "మీరు రోజూ ఎలా చేస్తారో అలాగే చెయ్యండి, నేను చూస్తాను" అనేది. ఎక్కడ నొక్కారు, తెర మీద ఏమొచ్చింది, ఎప్పుడొచ్చింది, అన్నీ రాసుకునేది. సగం రోగాలు ఆ చూడటంలోనే దొరికిపోయేవి. ఒకరోజు స్టోర్సు గుమాస్తా మెయిల్ వారం రోజులుగా పోవటం లేదని గోల పెడితే, ఆయన పెట్టె నిండిపోయిందని, అందులో సగం ఆయన ఆయనకే పంపుకున్న ఫొటోలని తేల్చింది. పని వచ్చినవాళ్లు పని చేస్తుంటే చూడటానికి ఎంత బావుంటుందో చెప్పలేం.

కానీ మూడు వారాలుగా సోమవారం వచ్చిందంటే చాలు, మెయిలమ్మకి తల ప్రాణం తోకకొచ్చేది. పొద్దున కంప్యూటర్లు వేయగానే రిపోర్టుల విభాగంలో ఒకళ్ల తర్వాత ఒకళ్లకి మెయిల్ తెరుచుకోదు. సర్వర్‌కి కనెక్ట్ కాలేకపోతున్నానంటుంది. పాస్‌వర్డు అడుగుతుంది. సరైనదే కొట్టినా మళ్లీ అడుగుతుంది. మధ్యాహ్నం రెండు దాటాక ఒక్కొక్కటీ దానంతటదే బాగుపడుతుంది. మంగళవారానికి ఏమీ జరగనట్టే ఉంటుంది. సర్వర్ చూస్తే నిక్షేపంగా ఉంది. తీగలు చూసింది, నెట్‌వర్కు డబ్బాలు మార్చింది, అందరి పాస్‌వర్డులూ కొత్తవి ఇచ్చింది. ఉహూఁ.

ఇందులో కడుపు మండే సంగతి ఇంకొకటుంది. సోమవారాల్లో మెయిల్ పనిచేసేది ఒక్కరికే. ఎవరికంటే, నిదానంగారికి. ఆయన అసలు పేరు జీతాల గుమాస్తాకి తప్ప ఎవరికీ గుర్తులేదు. తొమ్మిదిన్నర ఆఫీసుకి పదింటికి ముందు వచ్చిన దాఖలా లేదు. టైముకొచ్చిన ఎనిమిది మందికీ మెయిల్ లేదు, ఆలస్యంగా వచ్చిన ఈ ఒక్కడికే ఉంది. ఆ మూడు సోమవారాలూ రిపోర్టులన్నీ ఆయన కంప్యూటర్ నుంచే పంపించారు. పెద్దమేడం అంతటి మనిషి కాగితాలు పట్టుకుని నిదానంగారి వెనక నిలబడాల్సి వచ్చింది. ఆయన ఆనందం చూడాలి! "వరసలో రండి, వరసలో రండి" అంటూ కాలు మీద కాలేసుకున్నాడు. సున్నా అయితే నిలబడింది గానీ పెద్దమేడానికి ఆ రాత్రి అన్నం సయించలేదు.

శుక్రవారం నాడు మేనేజరు మెయిలమ్మని పిలిచాడు. మనిషి చెడ్డవాడు కాదు, సూటి మనిషి.

"చూడమ్మా, సోమవారం మళ్లీ మెయిల్ పడుకుందంటే, ఎందుకు పడుకుందో ఒంటిగంటలోగా కాగితం మీద రాసి నా టేబుల్ మీద పెట్టాలి. సరిచేశానంటే చాలదు. ఎందుకు, ఎవరివల్ల, మళ్లీ రాకుండా ఏం చేశావు, అన్నీ కావాలి. లేదంటే మూడింటికి బయటి కంపెనీవాళ్లొస్తారు. ఈ పని వాళ్లకప్పగించేస్తాను. నీ మీద కోపం లేదు. మంచినీళ్ల వ్యవహారం ఇది."

ఆమె సరేనంది. గది బయటికొచ్చాక లెక్క వేసుకుంది. పోయేది తన ఉద్యోగం ఒక్కటే కాదు. వదిన ఇచ్చిన మాట కూడా పోతుంది. జీవితంలో ఎవరి కోసమూ ఎవరినీ అడగని మనిషి తన కోసం అడిగింది.

ఇక సోమవారం సంగతి. తొమ్మిదీ నలభై అయ్యిందో లేదో టైపిస్టు కేకేసింది.

"మెయిలమ్మా! వచ్చేసింది నీ సోమవారం!"

టైపిస్టు కాస్త నోటి దురుసు మనిషే గానీ మనసు వెన్న. మెయిలమ్మ కుర్చీ లాక్కుని ఆమె పక్కన కూర్చుంది. నోటు పుస్తకంలో రెండు వరసలు గీసింది. పోతున్నవి, పోనివి. టైపిస్టు పాస్‌వర్డు కొట్టింది. మళ్లీ అడిగింది. మళ్లీ కొట్టింది. మళ్లీ అడిగింది.

"నా మొగుడు కూడా ఇన్నిసార్లు ఒకే మాట అడగడమ్మా" అంది టైపిస్టు.

మెయిలమ్మ ఎనిమిది టేబుళ్లూ తిరిగింది. ఎనిమిదీ పోని వరసలోకే ఎక్కాయి. పోతున్న వరస ఖాళీ. దూరంగా తన టేబుల్ దగ్గర పెద్దమేడం రిపోర్టులు సర్దుకుంటూ ఒక్కసారి తలెత్తి చూసి, మళ్లీ దించుకుంది. ఆ చూపులో ఏముందో పదకొండేళ్లు ఒకే వంటింట్లో తిరిగిన మరదలికి తెలియదా? భయముంది. వదిన మొహంలో భయం చూడటం ఆమెకి అదే మొదటిసారి, చూసి తట్టుకోలేకపోయింది. టైపిస్టు పక్కకి తిరిగొచ్చి, "మళ్లీ మొదట్నుంచి చేద్దాం" అంది.

అప్పుడు దిగాడు నిదానంగారు, తీరిగ్గా, దువ్వెన జేబులో పెట్టుకుంటూ. కుర్చీలో కూర్చుని కంప్యూటర్ వేసుకున్నాడు.

పెద్దమేడం గోడ గడియారం చూసింది. "పదీ పందొమ్మిది! నలభై తొమ్మిది నిమిషాలు లేటు. సిగ్గుండాలి."

"ఎంత మాట మేడం! పదీ పన్నెండే. నమ్మకపోతే చూసుకోండి, నా కంప్యూటర్ చెబుతోంది" అన్నాడాయన తెర వైపు చెయ్యి చాపి. "నాది నలభై రెండే. మిగతా ఏడు నిమిషాలూ మీవి, నావి కావు. మీ తప్పు నా ఖాతాలో రాస్తే ఎలా?"

అందరూ నవ్వారు. మెయిలమ్మ నవ్వలేదు. టైపిస్టు తెర మీద కింద మూలకి చూసింది. పదీ పందొమ్మిది. సంచిలోంచి ఫోన్ తీసి చూసింది. పదీ పన్నెండు. లేచి, పక్క టేబుల్ చూసింది. పదీ పందొమ్మిది. దాని పక్కది, పదీ పందొమ్మిది. నిదానంగారి వెనక్కి వెళ్లి నిలబడింది. పదీ పన్నెండు.

ఓరి భగవంతుడా, అనుకుంది. ఇంతసేపూ కళ్లెదుటే ఉంది. మూడు సోమవారాలుగా ఈ తెరలే చూసింది. ఇంకెవరైనా అయితే ఈ టైము తప్పని మొదటి రోజే పట్టేవాళ్లు. ముందు నడిచే గడియారం కింద పదకొండేళ్లు కాపురం చేసిన మనిషి కాబట్టి, గడియారం ముందుండటం ఆమెకి తప్పులాగే కనపడలేదు. పొద్దున వదినే తన నోటితో చెప్పిందే, ఆఫీసులోనూ ఏడు చేశానని! నీళ్ల సీసా మూత బిగిస్తూ విని ఊరుకుంది. తనని తనే నాలుగు తిట్టుకుంది.

మెయిల్ సర్వర్లకి ఒక పద్ధతుంది. లోపలికి రాబోయే ప్రతి కంప్యూటరూ పాస్‌వర్డుతో పాటు తన టైమెంతో కూడా చెప్పుకోవాలి. అయిదు నిమిషాల దాకా తేడా ఉంటే సర్వర్ చూసీ చూడనట్టు పోనిస్తుంది. అయిదు దాటిందంటే, ఎవడో పాత సంతకం ఎత్తుకొచ్చాడేమోనని గుమ్మంలోనే ఆపేస్తుంది. పాస్‌వర్డు నిజమైనదే అయినా సరే. ఇదంతా చదువుకున్నదే. పరీక్షలో ఈ ప్రశ్నకి పదికి పది వచ్చాయి కూడా.

తెలిసిందని ఎగిరి గంతేసే మనిషి కాదు మెయిలమ్మ. చెప్పే ముందు రుజువు చేసుకోవాలి. టైపిస్టు కంప్యూటర్ టైము సరిచేసి మెయిల్ తెరవమంది. పాస్‌వర్డు అడగలేదు, ఏమీ అడగలేదు, ఉత్తరాలు బిలబిలా వచ్చి పడ్డాయి. "అమ్మో!" అంది టైపిస్టు. మెయిలమ్మ మెయిల్ మూయించి, టైము నాలుగు నిమిషాలు ముందుకు జరిపి మళ్లీ తెరిపించింది. తెరుచుకుంది. మళ్లీ మూయించి ఏడు నిమిషాలు జరిపింది. ఆగిపోయింది. ఇన్నేళ్లూ నాలుగుతో ఎందుకు నడిచిందో, మూడు వారాల కిందట ఏడు కాగానే ఎందుకు పడుకుందో అంతా తేటతెల్లమైపోయింది. పుస్తకంలో పూసగుచ్చినట్టు రాసుకుంది. రాస్తుంటే లోపల ఎంత గర్వంగా ఉందో! ఇంతమంది చూస్తుండగా తన చేతులతో తను పట్టింది.

"ఈ కంప్యూటర్ల టైము ఎవరు మార్చారు?" అని టైపిస్టుని మెల్లిగా అడిగింది.

"ఎవరేంటమ్మా, పెద్దమేడమే. సోమవారం సోమవారం గోడ గడియారానికి కీ ఇస్తారుగా. మేం కంప్యూటర్లు వేసి, కిందకి సంతకాలకి వెళ్లినప్పుడు, దాన్ని చూసి వీటన్నిటికీ సరిచేస్తారు. ఎన్నేళ్లనించో. పాత సిస్టమ్స్ ఆయన మాలో ఆవిడకొక్కరికే టైము మార్చే పాస్‌వర్డు ఇచ్చి వెళ్లాడు. నీకు తెలీదా? నిదానంగారిది అప్పటికి ఆపేసే ఉంటుంది కాబట్టి ఆయనది ముట్టుకోరు."

మధ్యాహ్నం దాటాక బాగుపడటం కూడా అర్థమైంది. కంప్యూటర్లు గంటల తరబడి నడిచాక వాటంతటవే సర్వర్‌ని టైమడిగి దిద్దుకుంటాయి. అన్నీ అర్థమయ్యాయి. ఆ వెంటనే శుక్రవారం మాట గుర్తొచ్చింది. ఎందుకు, ఎవరివల్ల, అని అడిగాడు మేనేజరు. ఎవరివల్ల అన్నచోట రాయాల్సింది వదిన పేరు.

ముందు పని కావాలి. ఎనిమిది టేబుళ్లూ తిరిగి టైము సరిచేసింది. ఇంకెవరూ మార్చకుండా, అన్నీ పావుగంటకోసారి సర్వర్‌నే టైమడిగేటట్టు కట్టడి చేసింది. పదకొండింటికి రిపోర్టులు బయల్దేరాయి. పదకొండున్నరకల్లా ఆఖరిది కూడా పంపుహౌసుకి చేరినట్టు కబురొచ్చింది. విభాగమంతా చప్పట్లు కొట్టారు. నిదానంగారొక్కడే కాస్త చిన్నబుచ్చుకున్నాడు. పెద్దమేడం చప్పట్లు కొట్టలేదు. మెయిలమ్మ టేబుల్ టేబుల్‌కీ తిరిగి తెర మూలన టైము మారుస్తున్నంతసేపూ ఆవిడ చూస్తూనే ఉంది. ఒకసారి తెరల వైపు, ఒకసారి గోడ వైపు.

మెయిలమ్మ తన టేబుల్ దగ్గర తెల్లకాగితం పెట్టుకుని కూర్చుంది. సర్వర్లో లోపం, సరిచేశాను, అని రాసేస్తే గొడవ వదిలిపోతుంది. కానీ చేయని తప్పు సర్వర్ మీద ఎలా రుద్దుతుంది? తను కాపలా కాసే సర్వర్ అది. మూడు నెలల్లో ఒక్క అబద్ధం ఆడలేదు. చివరికి ఉన్నదున్నట్టు రాసింది. "కంప్యూటర్ల టైము సర్వర్ టైము కంటే ఏడు నిమిషాలు ముందుంది. అయిదు దాటితే సర్వర్ రానివ్వదు. టైము సరిచేశాను. ఇకమీదట కంప్యూటర్లు సర్వర్‌నే అడిగి టైము పెట్టుకుంటాయి." ఎవరివల్ల అన్నచోట ఖాళీ వదిలేసింది.

మేనేజరు కాగితం చదివి, రెండోసారి చదివి, తనే విభాగంలోకి వచ్చాడు. అందరూ లేచి నిలబడ్డారు.

"శభాష్" అన్నాడు. "కానీ ఇక్కడ ఖాళీ ఉందేమ్మా? టైము వాటంతటవి ముందుకు జరగవుగా. ఎవరు మార్చారు?"

టైపిస్టు కిటికీ వైపు తిరిగిపోయింది.

"మార్చినవాళ్లతో నేను మాట్లాడతాను సార్. మళ్లీ జరగదు, ఆ పూచీ నాది. పేరు మాత్రం నా నోటితో చెప్పను" అంది మెయిలమ్మ.

"తెలుసా, తెలీదా?"

"తెలుసు సార్. చెప్పను."

"ఇలాగైతే ఎలాగమ్మా? ఇవాళ నువ్వు కట్టడి చేశావు, రేపు ఇంకొకళ్లు విప్పుతారు. సగం కాగితం నేను తీసుకోను. మొన్ననే చెప్పాను నీకు." ఆయన గొంతులో విసుగు వినపడింది. "మూడింటికి వాళ్లొస్తున్నారు. నీ ఇష్టం."

మెయిలమ్మ తల దించుకోలేదు. ఉద్యోగం పోతే పోయింది. తప్పెక్కడుందో పట్టింది, సరిచేసింది, అందరి ముందూ నిజమే చెప్పింది. ఇంటి మనిషిని పదిమందిలో నిలబెట్టి వేలు చూపించడం మాత్రం తన వల్ల కాదు. ఇలా ఆమె మొండికేసి నిలబడి ఉండగా, వెనక కుర్చీ జరిగిన చప్పుడైంది.

పెద్దమేడం నడిచొచ్చింది. మేనేజరు చేతిలోంచి కాగితం తీసుకుంది. కళ్లజోడు సర్దుకుని మొత్తం చదివింది. కామా దగ్గర కూడా ఆగి చదివే మనిషి. టైపిస్టు టేబుల్ మీద కాగితం పెట్టి, ఆ ఖాళీలో తన పేరు పూర్తిగా, పొడి అక్షరాలు లేకుండా రాసి, కింద సంతకం పెట్టింది.

"నేనే సార్" అంది. "పందొమ్మిదేళ్లుగా నేనే. గడియారం నా ఇష్టం వచ్చినట్టు తిప్పితే మనుషులు వింటారు గానీ మిషన్లు వినవని నాకు తెలియలేదు. ఈ మూడు సోమవారాలూ నా సున్నాకి ఎసరు పెట్టింది ఎవరా అని అందర్నీ అనుమానించాను. ఇదిగో, ఈ నిదానాన్ని కూడా."

"నన్నా?" అన్నాడు నిదానంగారు.

"నువ్వాగు." పెద్దమేడం అందరి వైపూ తిరిగింది. "ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఈ అమ్మాయి నా మరదలు. నా తమ్ముడి భార్య. మీకెవరికీ తెలీదు, చెప్పొద్దని నేనే అన్నాను. నా పేరు చెప్పుకుని బతుకుతోందని ఎవరైనా అంటారేమోనని నా భయం. ఇవాళ తప్పు నాదని తెలిసి కూడా, ఉద్యోగం పోతుందని తెలిసి కూడా, నా పేరు బయటపెట్టలేదు. సరే, అది ఇంటి సంగతి. పని సంగతి చెబుతాను. పెద్ద పెద్దవాళ్లు వచ్చినా పాస్‌వర్డు మార్చమనే అనేవాళ్లు. ఇది పక్కన కూర్చుని, చూసి, పట్టుకుంది." ఆవిడ కాగితం మేనేజరు చేతికి తిరిగి ఇచ్చేసింది. "అప్పుడు సారుకి నా మరదలని చెప్పి దీన్ని ఇక్కడికి తెచ్చాను. ఇవాళ్టి నుంచి నన్నెవరైనా అడిగితే మెయిలమ్మ వదిననని చెప్పుకుంటాను."

టైపిస్టు కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చేసింది. మెయిలమ్మకి కళ్లు మసకలు కమ్మాయి. పదకొండేళ్లుగా ఒక్క మెప్పు కోసం మొహం వాచి ఉన్న మనిషి. ఒక్కసారిగా ఇంత వస్తే ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

మేనేజరు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "మూడింటికి వచ్చేవాళ్లకి రావద్దని కబురు చేస్తాను. నువ్వు రేపట్నుంచి పర్మనెంటమ్మా" అని మెయిలమ్మతో చెప్పి, పెద్దమేడం వైపు తిరిగి, "మరి ఆ గడియారం?" అన్నాడు.

"అదే చేయబోతున్నాను" అంది ఆవిడ.

స్టూలు లాక్కుని ఎక్కింది. "పట్టుకో అమ్మాయ్" అంటే మెయిలమ్మ వచ్చి స్టూలు కాళ్లు పట్టుకుంది. ఆ కాలపు గడియారాలకి ముల్లు వెనక్కి తిప్పకూడదు, లోపలి పళ్లు పాడైపోతాయి. లోలకం పట్టుకుని ఆపాలి. ఎన్ని నిమిషాలు ముందుందో అన్ని నిమిషాలూ ఆపి ఉంచాలి, లోకం వచ్చి కలిసేదాకా. పెద్దమేడం గాజు తలుపు తీసి, చేత్తో లోలకాన్ని పట్టుకుంది. పందొమ్మిదేళ్ల టిక్కుటిక్కు ఆగిపోయింది.

"పన్నెండూ ఇరవై దగ్గర ఆపాను. నీ ఫోన్లో ఎంత?"

"పన్నెండూ పదమూడు మేడం."

ఏడు నిమిషాలంటే ఎంతసేపో ఆ ఆఫీసులో ఎవరూ ఎప్పుడూ అనుకోలేదు. అందరూ నిలబడే ఉన్నారు. ఎవరూ టేబుళ్ల దగ్గరికి పోలేదు. ఏ పనీ లేకుండా ఒకచోట నిలబడ్డ పెద్దమేడాన్ని వాళ్లు ఎప్పుడూ చూసి ఉండలేదు.

"అయితే మేడం, ఇవాళ నా లేటు నలభై రెండే అని ఒప్పుకున్నట్టేగా?" అన్నాడు నిదానంగారు.

"ఒప్పుకున్నాను. రేపు నలభై రెండు సెకన్లు లేటైనా తోలు తీస్తాను" అంది ఆవిడ తల తిప్పకుండా.

నవ్వులు సద్దుమణిగాక, పైనుంచి మెల్లిగా, కింద ఉన్నదానికి మాత్రమే వినపడేలా అంది.

"ఆ రెండేళ్లూ పిల్లల్ని పడుకోబెట్టి, గుమ్మంలో నిలబడి నువ్వు చదువుకోవడం చూసేదాన్ని. నీకు తెలీదు."

మెయిలమ్మ స్టూలు ఇంకా గట్టిగా పట్టుకుంది.

"ఎంతయింది?"

"ఇంకో నిమిషం మేడం."

"పొల్లు పోకూడదు. నువ్వు చెబితేనే వదులుతాను."

మెయిలమ్మ ఫోన్ వైపే చూస్తోంది. అంకె మారింది.

"ఇప్పుడు మేడం."

పెద్దమేడం లోలకం వదల్లేదు. తల వంచి కిందకి చూసింది. "మేడమెవరే ఇక్కడ?"

అందరూ వింటున్నారు. మెయిలమ్మ గొంతెత్తి చెప్పింది.

"ఇప్పుడు, వదినా."

వదిన చెయ్యి వదిలింది.